పనికిరాని నీళ్ల ఒడ్డున

కృష్ణా డెల్టాలో ఎటు చూసినా నీళ్లే. తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలు పోతాయి. రేపల్లె పక్కనే కృష్ణ, ఇంకొంచెం దిగితే సముద్రం. అయినా ఈ ప్రాంతం వాళ్లనెవర్నైనా "వేసవి సెలవుల్లో పిల్లల్ని తీసుకుని నీళ్ల ఒడ్డుకి ఎక్కడికెళ్లేవాళ్లు?" అని అడిగి చూడండి. జవాబు దాదాపు ఒకటే వస్తుంది: బాపట్ల, సూర్యలంక. కాలువ గట్టు పేరు చెప్పరు. చెరువు మాట అసలే ఎత్తరు. ఇన్ని మంచినీళ్లు ఇంటి ముందు పెట్టుకుని, గుక్కెడు తాగడానికి పనికిరాని నీళ్ల దగ్గరికి టికెట్టు కొనుక్కుని ఎందుకు పోయాం?

చిన్న ప్రశ్నే. కానీ మంచినీటి సరస్సు ఒడ్డున ఊళ్లకి ఊళ్లే సెలవుల కోసం వెలిసిన దేశాలు ఉన్నాయి కాబట్టి, డెల్టాలో అలాంటిది ఒక్కటీ ఎందుకు లేదని అడగడం అన్యాయం కాదు. జవాబు వెతుక్కుంటూ పోతే అది కాలువల దగ్గర మొదలై, కోర్టుల మీదుగా, కులం మీదుగా పోయి ఇసుకలో తేలింది.

కాలువకీ బడికీ ఒకేసారి సెలవు

ముందు కాలువల సంగతి. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమని కరువు ఊడ్చేసింది. ఆ కరువు గుర్తే చివరికి బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టించింది. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆ కట్ట నుంచి పడమటి డెల్టాకి కాలువలు వచ్చాయి. దుగ్గిరాల లాకుల దగ్గర చీలి తెనాలి మీదుగా రేపల్లె, నిజాంపట్నం వైపు దిగాయి. ఒకటి కొమ్మమూరు కాలువగా పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువని కలిసింది. ఆ రోజుల్లో వీటి మీద పడవలూ నడిచాయి, బియ్యం బస్తాలూ నడిచాయి.

అయితే కాలువ నది కాదు. దానికి టైమ్‌టేబుల్ ఉంటుంది. తొలకరికి నీళ్లు వదులుతారు, పంట చేతికొచ్చాక వేసవిలో కట్టేస్తారు. పూడిక తీయడాలూ, లాకుల మరమ్మతులూ అప్పుడే. మా వైపు "కాలువలు కట్టేశారు" అనే మాట "ఎండలు ముదిరాయి" అనే మాటకి ఇంచుమించు పర్యాయపదం.

ఇక సెలవుల సంగతి. ఎండాకాలంలో కోర్టులూ బళ్లూ మూసే అలవాటు మనకి ఇంగ్లీషు పాలనతో స్థిరపడింది. ఆ ఎండ భరించలేని దొరలు కొండలెక్కేవాళ్లు. మన వకీళ్లకీ పంతుళ్లకీ మాత్రం చేతినిండా ఖాళీ మిగిలేది. మొదటి ఆంధ్ర మహాసభ 1913 మే నెలలో, బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన, బాపట్లలోనే జరిగింది. తెలుగువాళ్లకి వేరే రాష్ట్రం కావాలనే మాట సభకెక్కింది నడివేసవిలో. ఆ నెల ఎందుకంటే, చదువుకున్నవాళ్లకి కోర్టు, బడి రెండూ లేని నెల అదే అని నా ఊహ. సెలవు అప్పటికి విహారం కాదు, నలుగురూ కూడడానికి దొరికిన వీలు.

ఈ రెండు క్యాలెండర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఏప్రిల్ ఆఖరున బళ్లు మూస్తారు, జూన్ రెండో వారంలో తెరుస్తారు. కాలువలదీ దాదాపు అదే లెక్క. పిల్లలకి తీరిక దొరికే రోజుల్లో కాలువలో నీళ్లుండవు, నీళ్లొచ్చేసరికి పిల్లలు బళ్లో ఉంటారు. మా తరం వాళ్లం కాలువలో ఈత కన్నా ఎండిన కాలువలో క్రికెట్టే ఎక్కువ ఆడాం. డెల్టాలో వేసవి సెలవులంటే అమ్మమ్మగారి ఊరు, ముంజలు, మామిడికాయ ముక్కలు, కరెంటు పోతే డాబా మీద పడక. నీటి ఒడ్డున సెలవు అనే ఊహకి ఇక్కడ మొదటి అడ్డంకి ఇదే. మంచినీళ్లు వరికి పుట్టాయి, వరితోపాటే విశ్రాంతికి పోయాయి.

కట్టెయ్యడానికి వీల్లేనిది సముద్రం ఒక్కటే.

పుణ్యం నుంచి సరదాకి

కానీ సముద్రం కూడా మొదటి నుంచీ ఆటస్థలం కాదు. ఈ తీరం ముందు వ్యాపారానిది. చీరాల దగ్గర మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో పరదేశపు ఓడ వర్తకులకి అభయమిస్తూ శాసనం వేయించాడు. రేపల్లెకి దిగువన ఉన్న నిజాంపట్నం పాత ఐరోపా రికార్డుల్లో పెటపోలి. 1606లో డచ్చివాళ్లూ, 1611లో ఇంగ్లీషువాళ్లూ అక్కడ వర్తకానికి దిగారు. తీరం వెంట బతుకు చేపలు పట్టేవాళ్లది. మిగతా డెల్టాకి సముద్రం ఒక స్నానం మాత్రమే.

ఆ స్నానానికీ నియమం ఉంది. రావిచెట్టునీ సముద్రాన్నీ కొలవాలే గానీ ఎప్పుడు పడితే అప్పుడు తాకకూడదని పెద్దల మాట. కార్తీక పౌర్ణమి, మాఘ పౌర్ణమి, గ్రహణం లాంటి పర్వాలకే సముద్రస్నానం. ఆ రోజుల్లో సూర్యలంకకి ఇప్పటికీ జనం పోటెత్తుతారు. అంటే సముద్రానికి పోవాలంటే పంచాంగం సెలవివ్వాలి. తెలుగులో "సెలవు" అనే మాటకి అనుజ్ఞ అనే అర్థం ఊరికే లేదు. అడగాలి, ఎవరో ఒకరు ఇవ్వాలి.

ఇంగ్లండులో కూడా సముద్రస్నానం సరదాగా మొదలవలేదు, మందుగా మొదలైంది. 1750 ప్రాంతంలో రిచర్డ్ రస్సెల్ అనే వైద్యుడు సముద్రపు నీళ్లు రోగాలకి మంచివని పుస్తకం రాసి బ్రైటన్‌కి జనాన్ని పంపాడు. 1841లో అక్కడికి లండన్ నుంచి రైలు వచ్చాక రోగులు పోయి కుటుంబాలు మిగిలాయి. మనకి మందు స్థానంలో పుణ్యం ఉంది. రైలు పని మాత్రం ఒకటే. 1899లో బెజవాడ నుంచి మద్రాసుకి లైను పూర్తయ్యేసరికి తెనాలి, బాపట్ల ఒకే పట్టాల మీదకొచ్చాయి. 1916లో తెనాలి నుంచి రేపల్లెకి కొమ్మ లైను వేశారు. తెనాలి నుంచి బాపట్ల 40 కిలోమీటర్ల పైచిలుకు, బాపట్ల స్టేషన్ నుంచి సముద్రం 9 కిలోమీటర్లు. పొద్దున్నే బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంట్లో ఉండొచ్చు. లాడ్జి ఖర్చు లేదు. మధ్యతరగతి విహారానికి ఇంతకన్నా అనువైన దూరం ఏముంటుంది?

అయినా రైలొచ్చిన వెంటనే అందరూ పోయి ఇసుకలో కూర్చోలేదు. భయం అడ్డుపడింది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన రేపల్లెకి ఎదురు ఒడ్డున ఉన్న దివిసీమని తుడిచేసింది. పదివేల మందికి పైగా చనిపోయారు. 1990 మే 9న, సరిగ్గా సెలవుల మధ్యలో, మళ్లీ పెనుతుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. మా నానమ్మ సముద్రం మాటెత్తితే "దాని జోలికి పోకండిరా" అనేది. ఆవిడ దృష్టిలో సముద్రం చూడ్డానికి వెళ్లే చోటు కాదు, ఒక రాత్రి అదే మన దగ్గరికి వస్తుంది.

ఆ మాట విని కూడా ఏడాదికోసారి తీసుకెళ్లే అమ్మానాన్నల పిల్లలం మేం. చింతపండు పులిహోర, పెరుగన్నం, పాత చీర ఒకటి ఇసుకలో పరవడానికి. వీటన్నిటికన్నా బరువైనది ఒకటుండేది, తెనాలి నుంచి మోసుకెళ్లిన మంచినీళ్ల క్యాను. తాగడానికి సగం, పిల్లల ఒంటిమీద ఉప్పూ ఇసుకా కడగడానికి సగం. మనిషికి రెండు చెంబులే. మూడో చెంబు అడిగితే అమ్మ కళ్లెర్రజేసేది. సముద్రమంత నీళ్ల పక్కన నీళ్లు కొలిచి పోసుకోవడంలో వింత ఉందని అప్పుడు తోచలేదు.

చెరువు గట్టు మీద గీత

ఇప్పుడు అసలు ప్రశ్నకి రెండో సగం. కాలువలు ఎండితే ఎండాయి, ఊరూరా చెరువులున్నాయిగా? తీరం దగ్గరి ఊళ్లలో భూమిలో చాలాచోట్ల ఉప్పునీళ్లే పడతాయి. అందుకే కాలువలు కట్టెయ్యక ముందే ఊరి మంచినీళ్ల చెరువు నింపి పెట్టుకుంటారు. వేసవంతా ఊరు తాగేది అవే నీళ్లు. ఈతలు కొట్టరాదు, బట్టలుతకరాదు, పశువుల్ని దింపరాదు అని బోర్డులుంటాయి. అది న్యాయమే. అయితే ఆ బోర్డు మీద రాయని నియమాలూ ఉండేవి. ఏ రేవులో ఎవరు దిగాలి, ఎవరి బిందె ఎవరు ముట్టుకోవాలి, పల్లెకి వేరే చెరువా అదే చెరువా.

1985 జులైలో చీరాల పక్కన కారంచేడులో, దళితులు తాగునీళ్లు ముంచుకునే చెరువు దగ్గర ఒక యువకుడు పశువుల కుడితి బకెట్ కడిగాడు. ఇదేమిటని ఒక దళిత మహిళ అడిగింది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు చీరాలకి పారిపోయి అక్కడే స్థిరపడ్డారు. మొదటి గొడవ పొలం దగ్గర రాలేదు, కూలి దగ్గర రాలేదు. మంచినీళ్ల దగ్గర వచ్చింది.

తెనాలిలో బాపట్ల వైపు ప్యాసింజరెక్కితే దారిలో చుండూరు వస్తుంది. 1991లో అక్కడి సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు పై కులం మనిషికి తగలడంతో మొదలైన తగువు, ఊళ్లో దళితుల వెలిగా మారి, ఆగస్టు 6న ఎనిమిది మంది హత్యగా ముగిసింది. శవాల్ని గోతాల్లో కట్టి కాలువలో, మురుగు కాలువలో పడేశారు. ఇందులో నన్ను ఎప్పుడూ ఆపేసేది సినిమా హాలు. పని లేని పూట సరదాగా, పక్కపక్కన కూర్చునే చోటు అది. ఆ పక్కపక్కనే తట్టుకోలేకపోయారు. కారంచేడు, చుండూరుల తర్వాత తెలుగు కవిత్వం మారిపోయిందనీ, 1995 నాటి "చిక్కనవుతున్న పాట" అందుకు సాక్ష్యమనీ సాహిత్య చరిత్రలో చదువుకుంటాం. ఆ మార్పు వెనక ఒక చెరువూ, ఒక సినిమా హాలూ ఉన్నాయని, అంటే నీళ్లూ తీరికా ఉన్నాయని కూడా చదువుకోవాలి.

మంచినీళ్ల మీద గీతలు మనకే ప్రత్యేకం కాదు. ఆన్‌సైట్ పేరుతో చికాగోలో ఉన్న రోజుల్లో మిషిగన్ సరస్సు చూశాను. ఉప్పు లేని సముద్రమది. అవతలి ఒడ్డు కనపడదు, అలలొస్తాయి, ఒళ్లు కడుక్కునే పని లేదు. ఎండాకాలం శనాదివారాలు అక్కడి తెలుగు కుటుంబాలు పులిహోర డబ్బాలతో ఆ ఒడ్డున కనిపిస్తాయి. సౌత్ హేవెన్ లాంటి ఊళ్లు ఆ సరస్సు చుట్టూ సెలవుల మీదే బతుకుతాయి. మనకి లేనిది సరిగ్గా ఇదే. కానీ ఆ ఒడ్డుకీ చరిత్ర ఉంది. 1919 జులై 27న చికాగో 29వ వీధి దగ్గర, నీళ్లలో తేలుతూ ఆడుకుంటున్న యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల నల్లజాతి కుర్రాడు, ఎవరి కంటికీ కనపడని ఒక గీత దాటి తెల్లవాళ్ల వైపుకి కొట్టుకుపోయాడు. ఒడ్డునుంచి రాళ్లు విసిరారు. అతను మునిగిపోయాడు. ఆ తర్వాత రేగిన అల్లర్లలో 38 మంది చనిపోయారు. అక్కడ ఇప్పుడొక చిన్న స్మారక ఫలకం ఉంది. అంతకు ఎనిమిదేళ్ల తర్వాత, 1927 మార్చి 20న, మహద్‌లో అంబేడ్కర్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగారు. ఒకచోట ఆట, ఒకచోట దాహం. రెండుచోట్లా గీత మంచినీళ్ల మీదే.

ఇక్కడికొచ్చాక సూర్యలంక నాకు వేరుగా కనిపించడం మొదలైంది. ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, పొలానికి పనికిరావు, పశువులకి పనికిరావు. అందుకే వాటికి రేవులు పంచలేదు, గట్టు కట్టలేదు, మైలపడతాయన్న భయం లేదు. ఎవరు మునిగినా సముద్రం మైలపడదని శాస్త్రం చెప్పేవాళ్లూ ఒప్పుకుంటారు. కులాల వారీగా చెరువు రేవులు చూసిన డెల్టాలో, తెనాలి వకీలు కుటుంబమూ, రేపల్లె కూలి కుటుంబమూ ఒకే అలలో తడిసిన చోటు ఇదే అయివుంటుంది. సముద్రం సమానత్వం నేర్పిందని అనను. తడిసి ఒడ్డుకొచ్చాక ఎవరి చీర మీద వాళ్లే కూర్చుంటారు, ఎవరి డబ్బా వాళ్లే విప్పుకుంటారు. కానీ నీళ్లలో ఉన్నంతసేపూ గీత లేదు. పనికిరాని నీళ్లు కాబట్టే అవి అందరి నీళ్లయ్యాయి.

ఎవరి సెలవు, ఎవరి పస్తు

ఇందులో ఇంకో మడత ఉంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. 2015 నుంచి ఈ నిషేధం 61 రోజులు, అంతకుముందు 47. అంటే మన పిల్లల సెలవులూ, కాలువల సెలవూ, మత్స్యకారుల సెలవూ ఒకేసారి పడతాయి. మనం ఇసుకలో ఫోటో దిగితే వెనకాల అందంగా ఒడ్డుకి లాగి కనిపించే పడవలు చాలావరకు పని లేక ఆగినవి. నిషేధకాలంలో ప్రభుత్వం ఇచ్చే భృతి ఉంది, 2019లో 10,000 రూపాయలు చేశారు, 2025లో 20,000 అయింది. రెండు నెలల సెలవుకి ఆ ఇంటి జీతం అది.

డెల్టా వ్యవసాయ కూలీకీ అంతే. కాలువ కట్టేస్తే నాట్లు లేవు, కోతలు లేవు. ఉద్యోగి ఇంట్లో వేసవి అంటే ముంజలు, కూలి ఇంట్లో వేసవి అంటే అప్పు. తెనాలి సాహిత్యం అనగానే చలం, కొడవటిగంటి, చక్రపాణి అంటాం. తమిళం మాతృభాషగా పుట్టి, తెనాలి హోటళ్లలో సర్వరుగా చేస్తూ తెలుగు నేర్చుకుని నవలలు రాసి, 1955లో ముప్ఫయ్యేళ్లకే వెళ్లిపోయిన శారద కూడా ఆ ఊరివాడే. నలుగురూ తీరిగ్గా కాఫీ తాగుతూ సాహిత్యం మాట్లాడుకునే చోట ఆ కాఫీ అందించే పని అతనిది. ఒకరి తీరిక ఎప్పుడూ ఇంకొకరి డ్యూటీ మీద నిలబడుతుందని అతని బతుకు చెప్పినంత సూటిగా చెప్పిన చరిత్ర పుస్తకం నాకు తారసపడలేదు.

ఇసుక కింద తేలే చెరువు

మంచినీటి ఒడ్డు మనకి లేదన్నాను. నిజానికి ఒకటుంది. సూర్యలంక ఇసుక కిందే ఉంది.

బాపట్ల, చీరాల తీరంలో రైతులకి "దొరువు" తెలుసు. ఇసుకలో గరాటులా వెడల్పుగా గొయ్యి తవ్వితే, పెద్ద లోతుకి పోకుండానే మంచినీళ్లు ఊరతాయి. సముద్రం అంత దగ్గరుండి కూడా తియ్యటి నీళ్లు. రెండు చేతులా కుండలు ముంచి పైకెక్కి మొక్కలకి పోసుకునేవాళ్లు. ఇందులో మహత్యం ఏమీ లేదు. ఇసుకలో ఇంకిన వాన నీళ్లు ఉప్పునీళ్ల కన్నా కాస్త తేలిక, అందుకే వాటి మీద తేలుతూ నిలబడతాయి. సముద్రమట్టానికి ఒక అడుగు ఎత్తున మంచినీళ్లుంటే, దాని కింద సుమారు 40 అడుగుల మందాన మంచినీటి పొర ఉంటుందని 19వ శతాబ్దం చివరా 20వ శతాబ్దం మొదట్లోనూ ఇద్దరు ఐరోపా ఇంజినీర్లు, గైబెన్, హెర్జ్‌బెర్గ్, వేర్వేరుగా లెక్క కట్టారు. లెక్క తిరగేస్తే భయం వేస్తుంది. పైన ఒక అడుగు తోడేస్తే కింద నుంచి ఉప్పు 40 అడుగులు పైకి లేచేందుకు దారి ఇచ్చినట్టే. పాత దొరువు కుండలతో ముంచేది కాబట్టి ఆ బ్యాలెన్సు చెడలేదు. బాపట్లలో ఉప్పునీటి పరిశోధన చేసేవాళ్లు దీన్నే మెరుగుపరిచారు. లోతుగా బోరు దింపకుండా, ఇసుకలో అడ్డంగా గొట్టాలు పరిచి పైపైన ఉన్న నీళ్లని మాత్రమే ఒక బావిలోకి చేర్చే పద్ధతి అది. సూత్రం పాతదే. పైనుంచి తీసుకో, కొంచెంగా తీసుకో.

ఇప్పుడు సూర్యలంకలో రిసార్టులున్నాయి. కేంద్రం స్వదేశ్ దర్శన్ పథకంలో ఊరి పేరు చేరింది. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులోకి వచ్చింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. కొత్త జిల్లాకి చెప్పుకోవడానికి సముద్రాన్ని మించింది ఏముంది? బాగుపడితే సంతోషమే. లోపలికి పోయి ప్రాణాలు పోగొట్టుకునే కుర్రాళ్ల వార్తలు ఏటా చదివే ఊళ్లకి కాపలా, హద్దు జెండాలు, ఈతగాళ్లు కావాలి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి నాలుగు గోడలు కావాలి. ఇవేవీ విలాసాలు కావు.

కానీ పనికిరాని నీళ్లకి ధర వచ్చిన రోజున రెండు సంగతులు కనిపెట్టి ఉండాలి. ఒకటి, గీత. చెరువు రేవులా గీయనక్కర్లేదు. ప్రవేశ రుసుము, ప్రైవేటు ఒడ్డు, తినుబండారాలు బయటినుంచి తేరాదు అనే బోర్డు చాలు. పులిహోర డబ్బాతో, పాత చీరతో వచ్చిన కుటుంబం నెమ్మదిగా ఆ ఒడ్డునుంచి జరిగిపోతుంది. రెండోది, షవరు. సముద్రంలో మునిగిన ప్రతి మనిషికీ తర్వాత మంచినీళ్లు కావాలి. అవి కాలువ కట్టేసిన నెలల్లోనే, పక్క ఊరి చెరువు అడుగంటుతున్న నెలల్లోనే అందరికన్నా ఎక్కువ కావాలి. ఆ నీళ్లు బోరులోంచి వస్తే, ఇసుక కింద తేలే చెరువులోంచి వచ్చినట్టే.

ఒంటిమీది ఉప్పు రెండు చెంబులతో పోతుందని మా అమ్మకి తెలుసు. సూర్యలంకకి ప్లాన్లు గీసేవాళ్లకి కూడా ఆ లెక్క తెలిసుంటే బాగుండు.